జాకెట్లు కుట్టిన డబ్బుకీ లెక్కుంది!

"జాకెట్లు కుట్టుకునేదానికి ఇన్‌కంటాక్సేందక్కా?" అని మా చెల్లెలు ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. కుట్టుపని, ట్యూషన్లు, పచ్చళ్ళ అమ్మకం... ఇవన్నీ 'చేతి ఖర్చులకి' అని చెప్పుకోవడమేగాని, ఆదాయమని ఏనాడన్నా అనుకున్నామా మనం?

కనిగిరిలో మా చెల్లెలు పదిహేనేళ్ళుగా ఇంట్లోనే మిషను కుడుతోంది. 2024 మొదట్లో ఇంకో మిషను కొందామని ఓ బ్యాంకుకు అప్పు కోసం వెళితే, "ఆదాయం చూపించే కాగితం ఏదమ్మా?" అన్నారట. వేళ్ళకున్న సూదిపోట్లు తప్ప ఏముంది చూపించడానికి? ఉత్త చేతుల్తో తిరిగొచ్చింది.

ఆ ఏడు జూన్‌లో ఓ ప్రైవేటు స్కూలు యూనిఫారాల కుట్టుపని ఇచ్చింది. కూలి మొత్తం లక్షా ఇరవై వేలు. బ్యాంకులో పడింది మాత్రం పన్నెండొందలు తక్కువ. అడిగితే, "నూటికి రూపాయి టీడీఎస్ కోశాం" అన్నారు. డిసెంబరులో మిషను పక్కనబెట్టి, ఒక రెడీమేడ్ బట్టల యూనిట్లో నెలకు 19,500 జీతానికి సూపర్‌వైజరుగా చేరింది.

"ఆ పన్నెండొందలు పోయినట్టేనా అక్కా?" అని 2025 ఆగస్టులో అడిగింది. పన్నెండొందలంటే వాళ్ళింట్లో నెల పాలడబ్బు! పోలేదు, రిటర్ను వేస్తేనే వస్తుంది అన్నాను. నేను బి.కాం. చదివి వంటింట్లో మర్చిపోయినదాన్నే అయినా, ఆమాత్రం గుర్తుంది.

ఇద్దరం నెట్ సెంటరుకు వెళ్ళాం. ఆ అబ్బాయి జీతం స్లిప్పులు చూసి, "ఉద్యోగమేగా, సహజ్ ఫారం చాలు" అన్నాడు. అక్కడే పొరపాటయ్యేది. సహజ్ అంటే ఐటీఆర్-1, అందులో వ్యాపారం ఆదాయం రాయడానికి చోటే లేదు. యూనిఫారాల కూలి మాత్రం ఆమె పాన్ నంబరు మీద 26ఏఎస్‌లో కనిపిస్తూనే ఉంది. ఏడాదిలో కొన్నాళ్ళు సొంతపని, కొన్నాళ్ళు ఉద్యోగం చేసినవాళ్ళు రెండూ ఒకే రిటర్నులో చూపాలి. మా చెల్లెలి లాంటి చిన్నపనికి సుగమ్, అంటే ఐటీఆర్-4 సరిపోతుంది.

ఇక లెక్క. ఎనిమిది నెలల కుట్టుకూలి లక్షా ఎనభై వేలు. పెద్ద లెక్కలపుస్తకాలు లేని చిన్న వ్యాపారులు నగదుగా వచ్చినదాంట్లో కనీసం నూటికి ఎనిమిది, బ్యాంకు ద్వారా వచ్చినదాంట్లో ఆరు లాభంగా చూపితే చాలంటుంది చట్టం. ఆ లెక్కన ఆమె లాభం పన్నెండు వేలే!

"అంతే వేసెయ్యనా?" అన్నాడు ఆ అబ్బాయి.

"అంత తక్కువేం కాదే!" అంది మా చెల్లెలు కాస్త రోషంగా. దారాలు, హుక్సులు, కరెంటు, సాయమొచ్చిన పిల్లకిచ్చిన కూలి పోను మిగిలింది 95 వేలు. అన్నీ నోటుపుస్తకంలో రాసుకుంది. 'కనీసం' అంటే అంతకు మించి వచ్చినా దాచుకోమని కాదు కదా. పైగా రేపు బ్యాంకువాళ్ళు చూసేది ఈ అంకెనే. 95 వేలే వేయించాం.

నాలుగు నెలల జీతం 78 వేలు. కొత్త పన్ను విధానంలో జీతగాళ్ళకు 75 వేల దాకా స్టాండర్డ్ డిడక్షన్ ఉంది, అది పోను మూడు వేలు. మొత్తం 98 వేలు. ఆ ఏడాదికి మూడు లక్షల దాకా పన్నే లేదు. ఆధార్ ఓటీపీతో వెరిఫై చేశాం. ఇది మర్చిపోకండమ్మా, 30 రోజుల్లో చేసెయ్యాలి, అసలు వెరిఫై చేయకపోతే రిటర్ను చెల్లదు. అన్నట్టు, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా కొత్త ఆదాయపన్ను చట్టం చేశారు. మీరు వేసేటప్పుడు ఆ ఏడాది నిబంధనలు ఓసారి అడిగి చూసుకోండి.

కొన్ని వారాలకు పన్నెండొందలూ ఖాతాలో పడ్డాయి. రిటర్ను రసీదును మా చెల్లెలు ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచుకుంది, పట్టుచీరల కింద. మా మరిది దాన్ని తీసి రెండుసార్లు చదివి, "95 వేలా!" అన్నాడట.

ఆ రాత్రి నేనూ నా పాస్‌బుక్కు ముందేసుకుని, కథలకొచ్చిన పారితోషికాలు కూడటం మొదలెట్టాను.