గుర్రానికి 36 మడత జడలు!

రాత్రి రెండున్నర. చేతిలో ల్యాప్‌టాప్ ఉంటే ప్రొడక్షన్ సపోర్ట్ అనుకోవచ్చు. కానీ నా చేతిలో ఉన్నది దువ్వెన. తలకి హెడ్‌ల్యాంప్. మెడలో ఊలు దారాల కట్ట. ఎదురుగా, స్టూలెక్కితే తప్ప అందనంత ఎత్తు గుర్రం. దాని మెడ మీద 11 జడలు అయ్యాయి. ఇంకో పాతిక వేయాలి. తెల్లారితే పోటీ.

అప్పుడు మా రాజాంలో మధ్యాహ్నం పన్నెండు. వీడియో కాల్‌లో అమ్మ ఒకటే నవ్వు. ‘ఏటే, ఇంజినీరింగ్ సదివింది గుర్రానికి జడలెయ్యడానికా?’ అంది.

నిజానికి నాకు జీతం వచ్చేది కోడ్ రాసినందుకే. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, ఆష్‌బర్న్‌లో ఉంటాను. లెక్కలేనన్ని డేటా సెంటర్లు, వాటి చుట్టూ మన తెలుగువాళ్లు. అక్కడి నుంచి కారులో అరగంట వెళ్తే మిడిల్‌బర్గ్. ఆ ఊరికొచ్చేసరికి సర్వర్లన్నీ మాయమై పచ్చిక బయళ్లు, చెక్క కంచెలు, గుర్రాలు కనిపిస్తాయి. అమెరికాలో అన్నిటికంటే పాత హార్స్ షో కూడా ఆ పక్కనే ఉన్న అప్పర్‌విల్‌లో జరుగుతుంది. 1853లో మొదలైందట. వీకెండ్‌లో రూమ్‌లో కూర్చోలేక, మూడేళ్ల కిందట అక్కడి ఓ గుర్రపుశాలలో వాలంటీర్‌గా చేరా. మొదటి నాలుగు నెలలూ పేడ ఎత్తడమే పని!

వేగం కాదు... ఒద్దిక

గుర్రాల పోటీ అనగానే మనకి రేసులే గుర్తొస్తాయి. ఇది అది కాదు. దీని పేరు ‘హంటర్’. ఒకప్పుడు ఇంగ్లండ్, వర్జీనియా పొలాల్లో గుర్రాలెక్కి నక్కల వేటకి వెళ్లేవారు. ఆ సంప్రదాయం నుంచి వచ్చిన పోటీ ఇది. షో జంపింగ్‌లో ఎన్ని కర్రలు పడ్డాయి, ఎంత టైమ్ పట్టింది అన్నదే లెక్క. హంటర్‌లో గుర్రం ఎంత ఒద్దికగా పరుగెత్తింది, అడ్డంకిని ఎంత తీరుగా దాటింది అన్నది చూసి జడ్జి వందకి మార్కులేస్తారు. అందుకే ముస్తాబుకి అంత విలువ. జూలుని జడలు వేస్తే మెడ వంపు స్పష్టంగా కనిపిస్తుంది.

మనవాళ్లకీ ఇది కొత్తేం కాదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో డ్రెస్సాజ్‌లో మన జట్టు బంగారు పతకం గెలిచింది గుర్తుందా? ఈక్వెస్ట్రియన్‌లో 41 ఏళ్ల తరవాత వచ్చిన స్వర్ణం అది. డ్రెస్సాజ్‌లో కూడా గుర్రాల జూలుని ముడులు చుడతారు. కాకపోతే అవి గుండ్రంగా, కాస్త పెద్దగా ఉంటాయి. హంటర్ జడలు సన్నగా, చిన్నగా, లెక్కకి ఎక్కువగా ఉండాలి. ఒక్కో మెడకి ముప్ఫై, నలభై కూడా వేస్తారు.

మన బడి జడలే!

మొదటిసారి ఆ జడ వేయడం చూపించినప్పుడు నాకు నవ్వాగలేదు. చిన్నప్పుడు గవర్నమెంటు బడికి వెళ్లేటప్పుడు అమ్మ నాకు రెండు జడలు అల్లి, పైకి మడిచి రిబ్బన్ కట్టేది. అచ్చం అదే!

ముందుగా జూలుని బెత్తెడు పొడవుకి తగ్గించుకోవాలి. జడలన్నీ మెడకి కుడివైపే పడాలి. ముందురోజు షాంపూ పెట్టకూడదు. శుభ్రమైన వెంట్రుక జారిపోతుంది, కాస్త జిడ్డుంటేనే పట్టు దొరుకుతుంది. దువ్వెనతో కొలిచినట్టు ఒక పాయ తీసి, తడిపి, మూడుగా విడదీసి బిగించి అల్లాలి. సగం దాకా వచ్చాక జూలు రంగులోనే ఉన్న ఊలు దారాన్ని కలిపి అల్లుకుంటూ పోయి, చివర ముడేయాలి. తరవాత కొక్కెం లాంటి సూదితో ఆ దారాన్ని జడ మొదట్లోంచి పైకి లాగితే, జడ రెండుగా మడతపడి లోపలికి దాక్కుంటుంది. దారాన్ని చుట్టూ తిప్పి కట్టేయడమే. చివరికి జడలన్నీ ఒకే పొడవు, ఒకే ఎడం. ఒక్కటి వంకరపోయినా అది ఒక్కటే కనిపిస్తుంది. మన కోడ్‌లో బగ్‌లాగా!

తోకకి మన అమ్మాయిలు వేసుకునే ఫ్రెంచ్ జడ. రెండు పక్కల నుంచీ సన్నటి పాయలు కలుపుకుంటూ, తోకలో ఎముక ఉన్నంతవరకు అల్లాలి.

జడల కంటే ముందు తోముడు. రబ్బరు బ్రష్‌ని గుండ్రంగా తిప్పుతూ దుమ్ము, రాలే వెంట్రుకలు పైకి తేవాలి. గట్టి బ్రష్‌తో దులపాలి. మెత్తటి బ్రష్‌తో నిమరాలి. గుర్రం ఒంటి మీద మెరుపు స్ప్రేలతో రాదు. రోజూ తోమితే దాని ఒంట్లోని నూనే వెంట్రుకలకి పట్టి వస్తుంది. గిట్టల్లో ఇరుక్కున్న మట్టిని మడమ వైపు నుంచి ముందుకి తీయాలి. మధ్యలో ఉండే మెత్తటి త్రికోణానికి కొక్కెం గుచ్చుకోకూడదు.

అందం కోసం ఏదైనా చేయొచ్చు అనుకుంటే పొరపాటు. మూతి దగ్గరి మీసాల్లాంటి వెంట్రుకలు గుర్రానికి స్పర్శనిస్తాయి. నీటుగా కనిపించాలని ఒకప్పుడు వాటిని గొరిగేసేవారు. ఇప్పుడు అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య పోటీల్లో అలా గొరిగిన గుర్రాన్ని బరిలోకి రానివ్వరు. 2021 జులై 1 నుంచి ఆ రూలు వచ్చింది.

తాత బండి కట్టని రోజు

ఇంతకీ గుర్రం నాకు అమెరికాలో పరిచయమైంది కాదు. మా ఊరి పిల్లలకి గుర్రం అంటే బొబ్బిలి యుద్ధం, తాండ్ర పాపారాయుడు గుర్తొస్తారు. నాకు మాత్రం మా తాత జట్కా. ఆటోలొచ్చేశాక కూడా మానకుండా, ఊళ్లో చివరిదాకా తిరిగిన జట్కాల్లో అదొకటి.

రోజూ బండి కట్టే ముందు తాత గుర్రం పక్కన గొంతుక్కూర్చుని, నాలుగు కాళ్లనీ పైనుంచి గిట్ట దాకా చేత్తో తడిమేవాడు. ‘ఏం చూస్తున్నావ్ తాతా?’ అంటే, ‘కళ్లతోటి కాదే గుంటా, సేత్తో సూడాల. గుర్రానికి నోరు నేదు గదా’ అనేవాడు.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒక సంత రోజు. ఇంటి ముందు బేరం సిద్ధంగా ఉంది. తాత కాలు తడిమి లేచి, ‘ఈయేల బండి కట్టను. దీని కాలు బాగు నేదు’ అన్నాడు. గుర్రం మామూలుగానే నడుస్తోంది మరి! వచ్చినవాళ్లు తిట్టుకుంటూ వెళ్లారు. వాళ్లలో మా క్లాసు అమ్మాయి, వాళ్లమ్మ కూడా ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తరవాత కాలేజీలో చేరాక కూడా, మా తాత ఏం చేసేవాడని ఎవరైనా అడిగితే ‘ట్రాన్స్‌పోర్ట్’ అని చెప్పేదాన్ని.

ఎడమ కాలు వేడిగా ఉంది

మళ్లీ ఆ రాత్రికి వద్దాం. నాకు పని నేర్పిన పెద్దావిడ చెప్పిన వరస ఒకటే: ముందు చెయ్యి, తరవాత బ్రష్, ఆఖర్న జడ. ఆ రోజు ఆఫీసు కాల్ వల్ల ఆలస్యంగా వెళ్లాను. టైమ్ సరిపోదేమోనన్న భయంతో వరస మార్చేశా. నేరుగా జడలు మొదలుపెట్టా.

ఐదున్నరకి 36 జడలూ, తోకా పూర్తయ్యాయి. ఫోటో తీసుకున్నా. నేను వేసినవాటిలో అవే బెస్ట్. అప్పుడు తీరిగ్గా గిట్టలు శుభ్రం చేద్దామని కూర్చున్నా. ముందరి ఎడమ గిట్ట వేడిగా తగిలింది. కుడిది పట్టుకున్నా, చల్లగా ఉంది. గిట్టకి కాస్త పైన, కాలి వెనక నాడి చూశా. మామూలప్పుడు అది వెతికితే గానీ దొరకదు. ఇప్పుడు వేలి కింద టకటకా కొట్టుకుంటోంది.

నాలుగడుగులు నడిపించా. కుంటడం లేదు. మనసులో ఒక పాడు ఆలోచన వచ్చింది. ‘నాకే కనిపించడం లేదు, జడ్జికేం కనిపిస్తుంది? రెండు నిమిషాల రౌండేగా!’ ఆ గుర్రమెక్కేది పన్నెండేళ్ల పాప. ఆర్నెల్ల నుంచి ఈ రోజు కోసమే ప్రాక్టీస్ చేస్తోంది. ఆరింటికి అమ్మతో వచ్చి, జడలు చూసి ‘ఎంత బాగున్నాయో!’ అని నన్ను పట్టుకుని ఎగిరింది.

అప్పుడు చెప్పడం ఎంత కష్టమో! గొంతు పెగల్లేదు. ‘కాలు వేడిగా ఉంది. రాత్రే చూడాల్సింది, నేను చూడలేదు’ అన్నా. కోచ్ గుర్రాన్ని గట్టి నేల మీద గుండ్రంగా పరుగెత్తించింది. అప్పుడు బయటపడింది. ఎడమ కాలు నేల తాకినప్పుడల్లా తల పైకి ఎగరేస్తోంది. డాక్టర్ వచ్చి పటకారు లాంటి దాంతో గిట్టని నొక్కి చూశాడు. లోపల చీము పట్టింది. ఆ కాలితో వరసగా ఎనిమిది అడ్డంకులు దూకించి ఉంటే..!

పాప చాలాసేపు ఏడ్చింది. తరవాత కళ్లు తుడుచుకుని, కుట్లు విప్పే చిన్న కత్తి తీసుకుని నా పక్కన నిలబడింది. జడలు అలాగే వదిలేస్తే గుర్రానికి దురదపుట్టి గోడకి రుద్దుకుంటుంది, జూలు తెగిపోతుంది. ఇద్దరం కలిసి ఆ 36 జడలూ ఒక్కొక్కటే విప్పేశాం. చీము తీసి కట్టు కట్టాక, రెండు వారాల్లో గుర్రం మామూలైంది. పాప తరవాతి షోకి వెళ్లింది. ఆ రోజు నేను మొదట చూసింది జూలు కాదు, కాళ్లు.

సెల్ఫీకి ముందు ఒక్క నిమిషం

మొన్న సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు తమ్ముడితో వైజాగ్ ఆర్కే బీచ్‌కి వెళ్లాను. పూసలు, రంగురంగుల కుచ్చులతో ముస్తాబైన గుర్రం. ‘ఎక్కక్కా, ఫోటో తీస్తా’ అన్నాడు వాడు. నేను కూర్చుని దాని కాళ్లు తడమడం మొదలుపెట్టా. గుర్రం కుర్రాడు కాసేపు చూసి ‘అక్కా, మీది గుర్రాలోళ్ల ఇల్లా?’ అనడిగాడు.

‘అవును. రాజాంలో మా తాత జట్కా తోలేవాడు’ అన్నాను. ఇన్నేళ్లలో బయటివాళ్లకి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. వినడానికి తాత లేడు.

మీరూ బీచ్‌లోనో, పెళ్లిలోనో గుర్రమెక్కే ముందు ఒక్క నిమిషం ఆగండి. జీను కింద, నడుం పట్టీ దగ్గర పుండ్లున్నాయా? గిట్టలు పగిలాయా? ఒక కాలి మీద బరువు మోపకుండా నిలబడిందా? ఏ ఒక్కటి ఉన్నా ఎక్కొద్దు, ఆ సంగతి గుర్రం యజమానికి చెప్పండి. అన్నీ బాగుంటే ఒక్కసారి మెడ నిమరండి. కుచ్చుల ఫోటో తరవాతైనా తీసుకోవచ్చు.