తన పుస్తకమే తనకు పరీక్ష

బుధవారం పొద్దున్నే ఎడిటరుగారి ఫోను. ఉపాధ్యాయ దినోత్సవం వారానికి కవి పుట్టపర్తి నారాయణాచార్యుల మీద ముఖచిత్ర కథనం, శుక్రవారం సాయంత్రానికల్లా. "పద్నాలుగు భాషలు, శివతాండవం, పద్మశ్రీ... తెలిసినవే గదా, రాసెయ్" అన్నారు. తెలిసినవే. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఒక పరీక్ష.

'పెనుగొండ లక్ష్మి' రాసేనాటికి ఆయనకు పన్నెండేళ్లు. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు తలదాచుకున్న ఊరు పెనుగొండ. అక్కడ పడిపోయిన గోడల మధ్య తిరిగిన పిల్లవాడు ఆ పాత వైభవాన్ని తలచుకుని కట్టిన పద్యాలవి. కొన్నేళ్లకు తెలుగు పండితుల విద్వాన్ పరీక్షకు కూర్చుంటే, చదవాల్సిన పుస్తకాల్లో అదీ ఉంది! తాను రాసిందాని మీద ఇంకెవరో ప్రశ్న అడుగుతారు, తాను జవాబు రాసి మార్కులు వేయించుకోవాలి.

ఆ పరీక్ష తప్పారని చెప్పుకుంటారు. రెండు మార్కుల ప్రశ్నకు నలభై పేజీలు రాస్తూ కూర్చుంటే, తక్కిన ప్రశ్నలకు పొద్దు చాలలేదట.

నలభై పేజీలంటే నాకు నమ్మకం కుదరలేదు. తెల్లకాగితం, గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పేజీకి ఏడు నిమిషాలు పట్టింది, అదీ ఆలోచించకుండా గీకితే. ఆ లెక్కన నలభైకి నాలుగు గంటలా నలభై నిమిషాలు. మూడు గంటల పరీక్ష అనుకుంటే పేజీకి నాలుగున్నర నిమిషాలే. నోటినోటా పేజీలు పెరిగినట్టున్నాయి. సీమలో వాన తప్ప అన్నీ పెరుగుతాయి.

పేజీలు ఎన్నయినా, సంగతిని మాత్రం నమ్ముతాను. ఏ పద్యంలో ఏ మాట కోసం తడుముకున్నాడో, ఏది కొట్టేసి ఏది పెట్టాడో తెలిసినవాడు. అలాంటివాణ్ణి కూర్చోబెట్టి, నాలుగు పంక్తుల్లో తాత్పర్యం రాయమంటే ఎక్కడ ఆపుతాడు? పేపరు దిద్దినాయన్నీ తప్పు పట్టలేను. ఆయన చేతిలో ఉన్నవి రెండే మార్కులు.

ఆ తర్వాత ఈయనే తెలుగు అయ్యవారై, ప్రతిపదార్థాలు చెప్పి, పిల్లల పేపర్లు దిద్దారు. మరీ పొడుగు జవాబులకు ఎన్ని మార్కులు వేశారో!

జీవితం క్లుప్తంగా: 1914 మార్చి 28న అనంతపురం జిల్లా చియ్యేడులో పుట్టారు. పెనుగొండలో పిట్ అనే దొరసాని దగ్గర ఇంగ్లీషు నేర్చారు. ప్రొద్దుటూరు, కడపల్లో బడిపంతులు. నడుమ తిరువనంతపురంలో నిఘంటువు పని, ఢిల్లీలో సాహిత్య అకాడమీ కొలువు. 1972లో పద్మశ్రీ. 1990 సెప్టెంబరు 1న కన్నుమూశారు.

గుడిలో పుట్టిన తాండవం
'శివతాండవం' పుట్టింది ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరస్వామి గుడిలో. పెనుగొండలో చిన్నప్పుడు నాట్యం నేర్చిన కాళ్లు ఆయనవి. అందుకే ఆ కావ్యాన్ని కళ్లతో చదివితే సగమే అందుతుంది, గొంతెత్తి తాళం వేస్తూ చదవాలి.

ఎదురు దారి
ధర్మానంద కోశాంబి మరాఠీలో రాసిన 'భగవాన్ బుద్ధ'ను తెలుగు చేశారు. అది మామూలు దారి. విశ్వనాథ సత్యనారాయణ తెలుగు నవల 'ఏకవీర'ను మాత్రం మలయాళంలోకి మోసుకెళ్లారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసింది మలయాళం!