సూది అమ్మకు, ఊపిరి పాపకు: ఎలా?

నెలలు నిండకుండానే కాన్పయ్యేలా ఉంటే డాక్టర్లు అమ్మకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. మరి పాపకేం లాభం? తడిసిన పాలిథిన్ సంచి తెరవాలంటే ఎంత కష్టమో మీకు తెలుసుగా, పక్కలు రెండూ అతుక్కుపోతాయి! ఊపిరితిత్తుల్లోని బుల్లి గాలితిత్తులూ అంతే. అవి అతుక్కోకుండా కాపాడే జిడ్డుపూత చివరి వారాల్లోగానీ సరిపడా తయారవదు. అమ్మ రక్తంలోంచి మాయ దాటి పాపను చేరిన మందు ఆ పనిని తొందరపెడుతుంది. న్యూజిలాండ్ డాక్టర్ గ్రాహం లిగ్గిన్స్ దీన్ని మొదట గొర్రెపిల్లల్లో గమనించారు. కడుపులోనే మందు అందిన పిల్ల, మరీ ముందుగా పుట్టి కూడా ఊపిరి తీసింది! తర్వాత గర్భిణులకు ఇచ్చి చూసిన ఫలితాలను తోటి డాక్టర్ రాస్ హౌవీతో కలిసి 1972లో ప్రకటించారు.

స్టెరాయిడ్ హాని చేయదా అంటారా? పదేపదే ఇస్తే బిడ్డ బరువు తగ్గొచ్చు, నిజమే. అందుకే అవసరమైనప్పుడే, కొలత ప్రకారం ఇస్తారు. పైగా లాభం ఊపిరికే కాదు, మెదడులో రక్తస్రావం ముప్పు కూడా తగ్గుతుంది.