పాసైన బిల్లు, పడని పైకము

ప్రభుత్వమునకు సరకు అమ్మినవాని సొమ్ము మునుగదని మన పెద్దలు నమ్మిరి. ఆ నమ్మకము నేటికిని చాలవరకు నిజమే. అయితే బాకీ ఎగవేయకుండుట వేఱు, వేళకు తీర్చుట వేఱు. ఈ రెంటి నడుమ గడచు నెలలలోనే పాఠశాలలకు బల్లలు చేయు వెల్డింగు షెడ్లును, వసతిగృహములకు దుప్పట్లు సరఫరా చేయు చిన్న వర్తకులును, కార్యాలయములకు రిజిస్టర్లు అచ్చొత్తియిచ్చు ముద్రణాలయములును అప్పులపాలగుచున్నవి.

ఒక బిల్లు నడచు త్రోవను చూతము. షెడ్డు యజమాని యొకడు ప్రభుత్వ పాఠశాలలకు 10 లక్షల రూపాయల బల్లలు చేసి పంపినాడనుకొందము. ప్రధానోపాధ్యాయుడు బల్లలు లెక్కించి, కాళ్లు కదలుచున్నవేమో చేతితో ఊపి చూచి, డెలివరీ చలానాపై సంతకము చేసి, స్టాకు రిజిస్టరులో వ్రాసికొనును. పిమ్మట బిల్లు డ్రాయింగు అధికారి చేతిమీదుగా ట్రెజరీకో, పే అండ్ అకౌంట్స్ కార్యాలయమునకో చేరును. అచ్చట పరిశీలన ముగిసి టోకెను నంబరు పడును. బిల్లు పాసైనట్లే, పైకము మాత్రము పడదు. ఏలయనగా జీతములు, పింఛనులు, అప్పులపై వడ్డీలు, సంక్షేమ పథకములు తీరిన పిదప ఖజానాలో మిగిలినదే సరఫరాదారునకు దక్కును. అడుగబోయినచో “ఫ్రీజింగు (చెల్లింపుల నిలుపుదల) ఉన్నదండీ, వచ్చే నెల చూడుడు” అను సమాధానము లభించును. ఈలోగా మార్చి 31 దాటినచో ఆ సంవత్సరపు బడ్జెటు మురిగిపోవును; పాసైన బిల్లే మరల పెట్టుకొనవలసిన దుఃస్థితి కలుగును.

ఈ నిరీక్షణకు మూల్యమెంతో లెక్కింతము. యజమాని ఇనుము, చెక్క, కూలి నిమిత్తము 7 లక్షలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినాడనుకొన్నచో, నెలకు 14 వేలు, పది నెలలకు లక్షా 40 వేలు వడ్డీయే అగును. నూటికి పదివంతున లాభము ఆశించియున్నచో అది లక్ష మాత్రమే. లాభము హరించుటయేగాక చేతిసొమ్ము సైతము పోవును. అంతటితో ముగియలేదు. బిల్లు వ్రాసిన మరుసటి నెల, సాధారణముగా 20వ తేదీలోగా, జి.ఎస్.టి. కట్టవలెను, కొన్న సరకుపై చెల్లించిన పన్ను మినహాయించుకొనవచ్చునుగాని, తక్కినది తనకు రాని సొమ్మునుండి కట్టవలసినదే. తనకు బాకీయున్న సర్కారుకే తాను ముందుగా పన్ను చెల్లించుచున్నాడన్నమాట! బ్యాంకు ఋణపు వాయిదా 90 దినములు దాటినచో ఖాతాపై మొండిబాకీయను ముద్ర పడును. అటుపై అతనికి కొత్త అప్పు పుట్టదు.

చట్టము లేదా యన్నచో, కలదు. 1993లో తొలుత ఆలస్యపు చెల్లింపులపై వడ్డీ చట్టము వచ్చినది. దాని స్థానమున 2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టము వెలసినది. సూక్ష్మ, చిన్న సంస్థలనుండి సరకు గైకొన్నవారు, ఒప్పందమెట్లున్నను, 45 దినములకు మించి సొమ్ము ఆపరాదు. సరకుపై ఆక్షేపణ యున్నచో 15 దినములలో లిఖితపూర్వకముగా తెలుపవలెను. గడువు మీఱినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలకు చక్రవడ్డీగా, చెల్లింపవలెను. వివాదమును రాష్ట్రపు ఫెసిలిటేషన్ కౌన్సిలు తీర్చును. దాని తీర్పును కోర్టులో సవాలు చేయదలచిన కొనుగోలుదారు ముందుగా 75 శాతము సొమ్ము జమ కట్టవలెను. ఇంటినుండియే ఫిర్యాదు చేసికొనుటకు 2017లో సమాధాన్ పోర్టలును ఏర్పడినది. 2024 ఏప్రిల్ 1 నుండి మఱియొక నిబంధన అమలునకు వచ్చినది: గడువులోగా చెల్లింపని కొనుగోలుదారు ఆ మొత్తమును నిజముగా చెల్లించిన సంవత్సరమువఱకు ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపరాదు. ప్రైవేటు సంస్థలకు ఇది గట్టి దెబ్బయే. కాని ఆదాయపు పన్నే కట్టని ప్రభుత్వ శాఖకు ఈ దెబ్బ తగులదు.

ఇన్ని ఆయుధములున్నను చిన్నవాడు వానిని చేపట్టడు. కౌన్సిలుకెక్కినచో రేపటి ఆర్డరు దక్కదేమోనను భయము అతని నోరు నొక్కుచున్నది. హైకోర్టు మెట్లెక్కినవారికి న్యాయము దొరకుచున్నమాట నిజమే. ఉపాధి హామీ పనుల పాత బిల్లులను 12 శాతము వడ్డీతో చెల్లింపుడని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2021లో ఆదేశించినది. కాని న్యాయవాదిని పెట్టుకొను శక్తి వేళకు డబ్బందనివానికి ఎచ్చటినుండి వచ్చును?

కనుక మనము కోరవలసినది అడుగకయే అందు న్యాయము. ఆర్డరు ఇచ్చునప్పుడే దానికి సరిపడు నిధిని ప్రత్యేకించి యుంచవలెను. టోకెన్ల వరుసను ఎల్లరును చూడగలుగునట్లు ప్రకటించి, ఆ వరుస తప్పక చెల్లింపవలెను. 46వ దినమునుండి వడ్డీని కంప్యూటరే లెక్కగట్టి బిల్లులో చేర్చవలెను. వడ్డీ అడిగినవాడు పగవాడగుననెడి భయము అప్పుడు తొలగును. చిన్న ఉత్పత్తిదారు తనవంతుగా సరఫరాకు పూర్వమే చిన్న సంస్థల నమోదైన ‘ఉద్యమ్’ను చేయించుకొని, చలానాపై సంతకముతోపాటు తేదీని తప్పక వేయించుకొనవలెను; గడువు లెక్కకు ఆ తేదీయే ఆధారము. పౌరుడు పన్ను ఒక్కదినము ఆలస్యము చేసినను వడ్డీ వేయు ప్రభుత్వము, తన ఆలస్యమునకును అదే ధర్మమును పాటింపవలెను.