ఓడుచున్న సారథికి క్రొత్త ఒప్పందమా?

మన దేశములో ఫుట్‌బాల్ అనగా బంతిని కాలితో తన్ను ఆట. అమెరికా సంయుక్త రాష్ట్రములలో అదే పేరుతో ఆడు ఆట వేరు. అందు బంతి కోలగా నుండును. ఆటగాండ్రు దానిని చేతబట్టి పరుగెత్తుదురు, ఒకరికొకరు విసరుకొందురు. ప్రక్కకు పదునొకండుగురు ఆటగాండ్రు. బంతి తన చేతనున్న పక్షము నాలుగు యత్నములలో 10 గజములు ముందుకు సాగవలెను. సాగినచో మరల నాలుగు యత్నములు లభించును. సాగనిచో బంతి ఎదుటి పక్షమునకు పోవును. ప్రతి యత్నమునందును వెనుక నిలిచి బంతి నందుకొని, దానిని ఎవరికి విసరవలెనో, ఎవరి చేతికీయవలెనో, లేక తానే పరుగెత్తవలెనో రెండు మూడు సెకండ్లలో నిశ్చయించు ఆటగానికి క్వార్టర్‌బ్యాక్ అని పేరు. మన భాషలో అతనిని జట్టు సారథి అనవచ్చును. రథము మీద ఎందరు వీరులున్నను పగ్గములు అతని చేతిలోనే యుండును.

అట్టి సారథి కొంతకాలముగా ఓడుచుండగా, అతని ఒప్పందమును పొడిగింపవలెనా వలదా యను వాదము ఆ దేశములో ఏటేట ఏదో యొక నగరమున చెలరేగుచునే యుండును. న్యూజెర్సీ రాష్ట్రమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములలోని పిల్లలకును ఈ వాదము క్రొత్త కాదు. న్యూయార్క్ జెయింట్స్ అను ప్రఖ్యాత జట్టు పేరునకు న్యూయార్క్‌ది యైనను, దాని క్రీడారంగము న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో నున్నది. ఆ జట్టునకు సారథ్యము వహించిన డేనియల్ జోన్స్ వృత్తాంతమును ఉదాహరణముగా గైకొని, ఈ వాదములోని తత్త్వమును పరిశీలింతము.

విశ్వవిద్యాలయముల నుండి వచ్చు క్రీడాకారులను జట్లు ఏటేట వరుసగా ఎన్నుకొను పద్ధతి యొకటి అచ్చట కలదు. 2019లో జెయింట్స్ వారు డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన జోన్స్‌ను మొత్తము మీద ఆరవవానిగా ఎన్నుకొనిరి. జట్టునకు రెండు పర్యాయములు లీగు విజేతృత్వము నార్జించి పెట్టిన ఈలై మ్యానింగ్ స్థానమున ఆ యేడే అతనిని నిలిపిరి. మొదటి మూడేండ్లలో అతడు సారథిగా ఆరంభించిన 37 ఆటలలో జట్టు గెలిచినవి 12 మాత్రమే. అతని తొలి ఒప్పందమును ఐదవ సంవత్సరమునకు పొడిగించుకొను హక్కు జట్టునకుండెను. అందుకు సుమారు 2 కోట్ల 20 లక్షల డాలర్లు కావలసియుండగా, 2022 వసంతమున యాజమాన్యము ఆ హక్కును వదలుకొనెను.

అంతలో చక్రము తిరిగెను. 2022 ఆటలకాలమున బ్రయన్ డేబల్ అను క్రొత్త ప్రధాన శిక్షకుని చేతి క్రింద జట్టు 9 ఆటలు గెలిచి, 7 ఓడి, ఒకదానిని సమముగా ముగించెను. జోన్స్ విసరులతో 3,205 గజములను, స్వయముగా పరుగెత్తి 708 గజములను సాధించెను. అతడు విసరిన బంతులలో ప్రత్యర్థుల చేజిక్కినవి ఐదు మాత్రమే. 2023 జనవరిలో మిన్నెసోటా వైకింగ్స్‌ను వారి రంగముననే 31-24 అంకెలతో ఓడించుటలో అతనిదే ప్రధానపాత్ర. మరుసటి ఆటలో ఫిలడెల్ఫియా ఈగల్స్ చేతిలో జట్టు 38-7 అంకెలతో చిత్తుగా ఓడెను. సరిగా ఆ సమయముననే అతని ఒప్పందమునకు గడువు తీరెను.

అభిమానులు రెండు పక్షములైరి. ఒక పక్షము వాదమిది: నాలుగేండ్లలో ముగ్గురు ప్రధాన శిక్షకులు మారిరి, సారథిని కాపాడవలసిన ముందువరుస బలహీనము, కంచె లేని చేను పండలేదని రైతును నిందించుట న్యాయమా? ఓర్చుకొని, తప్పులు తగ్గించుకొని, జట్టును గెలిపించినవాడు ప్రతిఫలమునకు అర్హుడు కాడా? రెండవ పక్షము వాదమిది: ఆడలేక మద్దెల ఓడన్నట్లు ఎంతకాలము ఇతరులపై నెపము మోపుట? 16 ఆటలలో అతని విసరుల వలన లభించిన టచ్‌డౌన్లు 15 మాత్రమే. ఒక్క మంచి సంవత్సరమును జూచి మూడు చెడు సంవత్సరములను మరచుట తగునా?

ఇరువురి మాటలలోను సత్యము కలదు. అయినను ఇరువురును 'అర్హత' అను ఒకే మాటను పట్టుకొని పెనుగులాడిరి. అర్హత గడచిన కాలమునకు సంబంధించినది. ఒప్పందము రాబోవు కాలమునకు సంబంధించినది. జరిగిన సేవకు జీతము అప్పుడే ముట్టినది. ఇప్పుడీయబోవునది ఇక జరుగవలసిన సేవకు వెల. కనుక అడుగవలసిన ప్రశ్న 'ఇతడు అర్హుడా?' అని కాదు. 'ఈ వెలకు, ఇన్నేండ్లకు, ఈ షరతులపై ఇతనిని తీసికొనుట మేలా? లేక మనకున్న వేరు మార్గము మేలా?' అని.

వెల అంత ముఖ్యమెట్లయ్యెనో తెలియుటకు ఒక నియమమును ఎరుగవలెను. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో 32 జట్లు కలవు. ఒక్కొక్క జట్టు తన ఆటగాండ్రందరి జీతములకు కలిపి ఏడాదికి ఇంతకు మించి లెక్క చూపరాదను పరిమితి 1994 నుండి అమలులోనున్నది. 2023లో ఆ పరిమితి 22 కోట్ల 48 లక్షల డాలర్లు. యజమాని ఎంతటి ధనవంతుడైనను ఈ గీటు దాటరాదు. అందుచేత ఒకనికిచ్చు ప్రతి డాలరు మరియొకనికి లేకుండ పోవును. ఇల్లు నడపు గృహిణికి ఈ లెక్క చెప్పనక్కర లేదు. నెలకు వచ్చు రాబడి ఒక్కటే యైనప్పుడు పెద్దకొడుకు చదువునకు పెట్టినది చిన్నదాని పెండ్లికి మిగులదు.

జెయింట్స్ ఎదుట మూడు మార్గములుండెను. జోన్స్‌ను పోనిచ్చి మరియొకని వెదకుట మొదటిది. ప్రతి జట్టునకు ఏడాదికి ఒక్క ఆటగాని విషయమున మాత్రమే లభించు ప్రత్యేకాధికారమును వినియోగించి, 3 కోట్ల 24 లక్షల డాలర్లకు అతనిని ఒక్క సంవత్సరము నిలుపుకొనుట రెండవది. దీర్ఘకాలపు ఒప్పందము మూడవది. రెండవ మార్గమునకు ఒక చిక్కు వచ్చెను. అదే జట్టులో సేక్వాన్ బార్క్‌లీ అను మేటి పరుగువీరుడుండెను. 2022లో బంతితో 1,312 గజములు పరుగెత్తిన అతని ఒప్పందమునకును అప్పుడే గడువు తీరినది. ఉన్న ప్రత్యేకాధికారము ఒక్కటే, నిలుపుకొనవలసినవారు ఇరువురు. తుదకు 2023 మార్చి 7న, గడువు ముగియనుండగా, జోన్స్‌తో నాలుగేండ్లకు 16 కోట్ల డాలర్ల ఒప్పందము కుదుర్చుకొని, ఆ అధికారమును బార్క్‌లీపై ప్రయోగించిరి. జోన్స్‌కు సగటున ఏడాదికి 4 కోట్లు. ఇది ఆనాటి పరిమితిలో ఆరవ వంతునకు మించినది. ముందటి వసంతమున 2 కోట్ల 20 లక్షలు అధికమని తలచినవారే ఇప్పుడు దానికి ఇంచుమించు రెట్టింపు వెలకు అంగీకరించిరి.

ఈ ఒప్పందములో వార్తాపత్రికలు పెద్ద అక్షరములతో ప్రకటించిన అంకె 16 కోట్లు. కాని ఆ ఆటలో ఒప్పందముల మొత్తమంతయు చేతికి వచ్చునది కాదు. ఆటగానిని తొలగించినను చెల్లించి తీరవలెనని గ్యారంటీ యిచ్చిన భాగమే గట్టిది. జోన్స్ విషయమున ఆ భాగము 8 కోట్లకు కొంచెము పైగా నుండి, ప్రధానముగా మొదటి రెండేండ్లకు చెందినది. అనగా పైకి నాలుగేండ్ల బంధము, లోపల రెండేండ్ల పరీక్ష. అభిమానులు వాదించిన పెద్ద అంకె కంటె వారి కంటబడని ఈ చిన్న తలుపే తరువాత జట్టునకు పనికివచ్చెను.

ఏలయన 2023లో జోన్స్ ఆరంభించిన ఆరు ఆటలలో జట్టు ఒక్కటే గెలిచెను. నవంబరులో లాస్ వేగాస్‌లో అతని మోకాలి స్నాయువు తెగి ఆ యేటి ఆట ముగిసెను. ఆ సంవత్సరము ప్రత్యర్థులు జెయింట్స్ సారథులను, విసరుటకు ముందే, 85 సార్లు పడగొట్టిరి. లీగు చరిత్రలో అంతకు మించినది 1986లో ఈగల్స్ జట్టు పొందిన 104 ఒక్కటే. కంచెను గూర్చి మొదటి పక్షము చెప్పినది అబద్ధము కాదని ఈ అంకెయే సాక్ష్యము. 2024లో మొదటి పది ఆటలలో రెండు మాత్రమే గెలువగా, నవంబరులో అతనిని ప్రక్కన పెట్టిరి. అతడు గాయపడినచో మరుసటి యేటికి 2 కోట్ల 30 లక్షల డాలర్లు చెల్లించవలెనను షరతు కూడ నుండెను. కొలది దినములకే అతడు కోరగా విడుదల చేసిరి. బార్క్‌లీ 2024లో ఈగల్స్‌లో చేరి, ఆ యేడు 2,005 గజములు పరుగెత్తి, 2025 ఫిబ్రవరిలో ఆ జట్టుతో లీగు విజేతృత్వము నందెను. అతడు వెడలిపోవుటకు జోన్స్ ఒప్పందమొక్కటే కారణమనుట అన్యాయము. కాని ఒకే సంచిలోని సొమ్మును పంచునప్పుడు ఒకరి వాటా మరియొకరి భాగ్యమును తాకక మానదు.

దీనిని బట్టి రెండవ పక్షము గెలిచినదనుకొందమా? ఆ తొందర వలదు. 2025లో ఇండియానాపోలిస్ కోల్ట్స్ వారు ఇదే జోన్స్‌ను ఒక్క సంవత్సరమునకు 1 కోటి 40 లక్షల డాలర్లకు తీసికొనిరి. మెరుగైన ముందువరుస వెనుక నిలిచి అతడు మొదటి పది ఆటలలో ఎనిమిదింటిని గెలిపించెను. డిసెంబరులో మడమ స్నాయువు తెగి మరల పడిపోయెను. మనిషి ఒక్కడే. ఒకచోట భారమైనవాడు మరియొకచోట లాభమయ్యెను. మారినవి వెల, గడువు, చుట్టునున్న జట్టు.

కనుక మీ యింట పిల్లలు ఏ యాటలోని ఏ యాటగానిని గూర్చి ఇట్టి వాదము చేసినను, వారిని మూడు ప్రశ్నలడుగుడు. ఓటమిలో ఇతని పాలెంత, ఇతరుల పాలెంత? ఇతనికి బదులు దొరకువాడెవ్వడు? అనుకొన్నట్లు జరుగనిచో బయటపడు దారి కలదా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకునప్పుడు నిందయు స్తుతియు కొంత తగ్గును. దెబ్బలు తినుచు, వేలమంది అరుపుల నడుమ రెండు సెకండ్లలో నిర్ణయము చేయు యువకుని పట్ల న్యాయముగా మాటాడు అలవాటు కూడ కలుగును.