పట్టికలలో పదాన్వేషణము : లుకప్ ప్రమేయముల తీరు

కావ్యములకు పదసూచికలు కూర్చువారు పూర్వము చీటీలను అకారాదిక్రమమున పేర్చుకొనెడివారు. నేడా పనికి కంప్యూటరులోని స్ప్రెడ్‌షీటు వచ్చినది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌ల కృషిచే వెలువడిన విసికాల్క్‌నందే అన్వేషణ ప్రమేయము కలదు. దాని తీరు నెఱుగక వాడినచో సూచిక దోషభూయిష్ట మగును గనుక, ఇచ్చట కొంత వివరింతుము.

ఒక పట్టికలో మొదటి నిలువు వరుసయందు పదములు, రెండవదానియందు ఆశ్వాససంఖ్య, మూడవదానియందు పద్యసంఖ్య కలవనుకొందము. ఎక్సెల్‌లోని వి-లుకప్‌నకు నాలుగంశము లొసగవలయును: వెదకవలసిన పదము, పట్టిక, ఫలితము గైకొనవలసిన వరుస సంఖ్య, పోలిక విధము. పద్యసంఖ్య కావలయునన్న మూడవ యంశము 3. నాలుగవది 'ఫాల్స్' అయినచో పదము యథాతథముగ నున్నప్పుడే ఫలితము వచ్చును, లేకున్న 'ఎన్.ఏ.' అను సూచన కనబడును. ఆ యంశమును విడిచినచో, మొదటి వరుస క్రమబద్ధమని యంత్రము తలచును. పదము లేకున్నను క్రమమున దానికి ముందుండు పదముయొక్క ఫలితము నిచ్చును. పట్టికకు క్రమమే లేనిచో ఏ పద్యసంఖ్య వచ్చునో చెప్పజాలము. హెచ్చరికయు నుండదు. దోషసూచనకన్న నిదియే ప్రమాదకరము. 2019లో ప్రకటింపబడిన ఎక్స్-లుకప్‌నందు, వేఱుగ కోరనిచో, యథాతథాన్వేషణమే జరుగును.

తెలుగున మఱియొక చిక్కు కలదు. 'గుఱ్ఱము', 'గుర్రము' అనునవి మన కొక్క పదమే, యంత్రమునకు రెండు. 'మూఁడు', 'మూడు' అనునవియు నట్లే. పదాంతమున కంటి కగపడని ఖాళీ యున్నను పోలిక తప్పును. ఆ ఖాళీలను 'ట్రిమ్' తొలగించును గాని, లిపిభేదములను మనమే సవరించుకొనవలయును. మూలపాఠమును మార్పక, పట్టిక మొదట వేఱొక వరుసను చేర్చి, అందు ఏకరూపమును వ్రాసికొని వెదకుట మేలు.

ఇంకొకటి. పై రెండు ప్రమేయములును ఒక్క ప్రయోగమునే, సామాన్యముగ మొదటిదానినే, చూపును. పలుతావుల ప్రయుక్తమైన పదమునకు 'ఫిల్టర్' అను ప్రమేయము తగినది. అది అన్ని తావులను వరుసగ నొసగును.

కావున 'ఎన్.ఏ.' కనబడినంతనే ఈ పదమును కవి ప్రయోగింపలేదని నిర్ణయించుట సాహసము. ఈ వరుసలో ఈ రూపము దొరకలేదని మాత్రమే ఆ సూచనకు అర్థము. కవి భాషనుగూర్చి సిద్ధాంతము చేయుటకు ముందు, రూపాంతరములతో మరల వెదకి, మూలగ్రంథమును విప్పి చూచుట పరిశోధకుని విధియని మా యభిప్రాయము.