బండియెడ్ల రక్షణచట్టము — రైతులు తెలిసికొనవలసిన విషయములు

తాండవనదీతీరమున తునికెదురుగా నున్న పాయకరావుపేట ప్రాంతము చెరకుసేద్యమునకు ప్రసిద్ధము. నేడు ట్రాక్టర్లు, లారీలు హెచ్చినను, బురదచేలనుండి పంటను బాటకు చేర్చుటకు ఎడ్లబండి యింకను అక్కరకు వచ్చుచునే యున్నది. అట్టి యెద్దు నోరులేనిది. తన బాధను అధికారికి అర్జీగా వ్రాసికొనజాలదు. కావున దాని పక్షమున ఇతరులు మాటలాడవలసి వచ్చినది.

ఈ దేశమున జంతుహింసను నివారించుటకు 1890వ సంవత్సరమున ఒక చట్టము చేయబడెను. అది చాలదని తలచి, 1952లో రాజ్యసభకు నియమింపబడిన శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ స్వయముగా ఒక బిల్లును ప్రతిపాదించి వాదించిరి. ప్రభుత్వమే సమగ్రమైన చట్టము తెచ్చునని ప్రధాని నెహ్రూ మాట యిచ్చుటచే ఆమె దానిని ఉపసంహరించుకొనిరి. ఆ మాట 1960లో జంతుహింసా నివారణ చట్టముగా నెరవేరెను. 1962లో మద్రాసునందు జంతుసంక్షేమమండలి యేర్పడగా ఆమెయే ప్రథమాధ్యక్షురాలైరి.

ఈ చట్టము ననుసరించి పశువును నిష్కారణముగా కొట్టుట, శక్తికి మించి తోలుట, మించిన బరువు మోయించుట నేరములు. ముసలితనము, రోగము, కుంటితనము, పుండు మున్నగు కారణములచే పనికి తగని పశువును కాడికి కట్టుటయు నేరమే. బండి తోలినది పాలేరే యైనను, తెలిసియు అట్టి పశువును పనికి పంపిన యజమాని తప్పించుకొనజాలడు. మొదటి నేరమునకు 10 మొదలు 50 రూపాయలవరకు, మూడేండ్లలోపల మరల చేసినచో 25 మొదలు 100 రూపాయలవరకు జుల్మానా, లేదా మూడుమాసములవరకు ఖైదు, లేదా రెండును చట్టమున విధింపబడినవి.

బండియెడ్లనుగూర్చి 1965లో ప్రత్యేకనియమములు వెలువడెను. వానిలో ముఖ్యమైనవి యివి:

1. దినమునకు మొత్తము 9 గంటలకు మించి పని చేయింపరాదు. విశ్రాంతి నీయక వరుసగా 5 గంటలకు మించి తోలరాదు.

2. ఎండ 37 డిగ్రీల సెంటీగ్రేడు దాటు తావులందు మధ్యాహ్నము 12 మొదలు 3 గంటలవరకు కాడి విప్పవలయును.

3. బరువు యొక్క పరిమితి యెద్దు పరిమాణమునుబట్టియు చక్రమునుబట్టియు మారును. టైర్లులేని బండికి అనుమతించు బరువు బాల్ బేరింగుల బండికి అనుమతించు దానిలో సగము మాత్రమే.

4. ముల్లుకర్రతో పొడుచుట, మేకులుగల కాడిని వాడుట నిషిద్ధము.

జుల్మానా స్వల్పమని కొందరు నియమములను లక్ష్యపెట్టరు. అది పొరపాటు. కాడి రాసికొని మెడపై పుండుపడిన యెద్దు సరిగా దున్నలికి రాని రోజులలో రైతునకు కలుగు నష్టము ఆ జుల్మానాకంటె పెక్కురెట్లు. అరక నిలిచినచో అదను తప్పును. అదను తప్పినచో పంట తగ్గును. కావున పుండు కనబడినవెంటనే కాడి దింపి పశువైద్యునికి చూపవలయును.

రైతులు మరియొక పనియు చేయవచ్చును. బండ్లు నడచు బాటలవెంట నీటితొట్లు, నీడగల విడుదులు కావలెనని గ్రామసభలో కోరి తీర్మానము చేయింపవలయును. దూరపుసభలో ఒకరి వాదమువలన చట్టము పుట్టినది. అది అమలగుట గ్రామములోని రైతుల చేతిలో నున్నది.